బోర్లా పడుకుని విన్న నవలలు

మా తమ్ముడి కంటికి ఆపరేషన్ అయింది. కంటి లోపలి పొర ఊడివచ్చిందని, దాన్ని సరిచేసి లోపల గాలి నింపామని డాక్టరు చెప్పాడు. ఆ గాలి బుడగ పొరను వెనక్కి అదిమి పట్టాలంటే మనిషి ముఖం ఎప్పుడూ నేలవైపే ఉండాలట. తినడానికి, స్నానానికి తప్ప తల ఎత్తకూడదు. ఎత్తితే పొర మళ్లీ ఊడవచ్చు. అప్పుడు ఆ కంటికి చూపు వస్తుందని మాట ఇవ్వలేనన్నాడు. తమ్ముడికి నిజామాబాద్‌లో సెల్‌ఫోన్లు రిపేరు చేసే దుకాణం ఉంది. ఆవగింజంత స్క్రూలతో పని. చూపు పోతే దుకాణం మూసుకోవలసిందే.

నేను పాఠాలు చెప్పే బడికి వేసవి సెలవులు కావడంతో బోధన్ నుంచి వచ్చి వాళ్లింట్లో ఉన్నాను. మరదలు పగలంతా దుకాణంలో కూర్చునేది. ఇంట్లో నేనూ, అవ్వా, మంచం మీద బోర్లా తమ్ముడూ. మా అమ్మను మేము అవ్వ అనే పిలుస్తాం.

పూట గడవకముందే వాడు తల ఎత్తడం మొదలుపెట్టాడు. ఎవరో పిలిచారని ఒకసారి, మెడ పట్టిందని ఒకసారి.

"తల దించురా," అంది అవ్వ. ఆమె ఒడిలో చాట, చాటలో తునికాకు, వేళ్ల మధ్య దారం.

"గిట్ల పండుకుంటే నీకు తెలుస్తదే అవ్వా, ఎంత కష్టమో."

"నేను బతుకంత తల వంచుకునే బీడీలు చేసిన. నా మెడ ఇరిగిందా?"

వాడు నవ్వాడు కానీ తల మాత్రం దించలేదు. టీవీ లేదు, ఫోను లేదు, వాడు ప్రాణంగా ఆడుకునే వీడియో గేమ్ అసలే లేదు. చివరికి వాడే అడిగాడు. "అక్కా, అల్మారల ఆ గేమ్ మీద రాసిన నవలలున్నయ్. జర చదివి పెట్టు."

అలా దొరికాయి నాకు ఆ పుస్తకాలు. భూమి కాలిపోయిన తర్వాత మిగిలిన మనుషులంతా ఒక పెద్ద ఓడలో నక్షత్రాల మధ్య తిరుగుతుంటారు. ఓడను నడిపేది ఒక యంత్రం. దానికి బుద్ధి ఉంది, గొంతు ఉంది. జనం దాన్ని అమ్మా అని పిలుస్తారు. ఆటలో మనం ఇనుప కవచం తొడుక్కున్న సైనికుడిగా ఆ ఓడను కాపాడాలి. ఆట ఎక్కడ ఆగిపోతుందో అక్కడి నుంచి మూడో నవల మొదలవుతుంది. తమ్ముడు దాన్ని కొని, ముందు రెండూ మళ్లీ చదివాకే తెరవాలని దాచుకున్నాడు. ఇంతలో కన్ను మొరాయించింది.

చదవడం నాకు తెలిసిన పనే. బోధన్‌లో మా సత్సంగంలో ఏకాదశికి పురాణం చదివేది నేను. శ్లోకం చదవాలి, తాత్పర్యం చెప్పాలి, వినేవాళ్లు ఊ కొట్టాలి. ఊ వినపడకపోతే ఆగాలి. అధ్యాయం మధ్యలో లేవకూడదు. ఇక్కడా అలాగే చేశాను. ఇంగ్లీషు వాక్యాలు కొన్ని చదివి వాటి తాత్పర్యం తెలుగులో చెప్పాను. సత్సంగంలో చదివేవాళ్లు పీట మీద, వినేవాళ్లు కింద. ఇక్కడ తల మంచం అంచు దాటించి వాడు పైన, వాడి ముఖం కింద బండల మీద నేను.

పుస్తకం తెరిచే ముందు అలవాటుగా కళ్లకద్దుకున్నాను.

"అక్కా, అండ్ల ఉన్నయన్నీ తుపాకులే," అన్నాడు వాడు పైనుంచి.

నిజంగానే మొదటి నవల నిండా తుపాకులే. ఏ తుపాకీ ఎంత బరువు, ఎంత దూరం కాలుస్తుంది, పేజీలకు పేజీలు. విసుగు పుట్టింది. కానీ మన పురాణాల్లో మాత్రం ఎన్ని రథాలు, ఎన్ని ఏనుగులు అని లెక్క చెప్పరా? వాటిని భక్తిగా చదివి వీటి మీద ముఖం చిట్లించడం న్యాయం కాదనిపించి ఒక్క తుపాకీ కూడా వదలకుండా చదివాను. నాకు నచ్చనిది మరొకటి. ఆటలో ఆ సైనికుడు మాట్లాడడట, ఎందుకంటే ఆడేవాడే అతను. నవలలో మాత్రం పొద్దుగూకులూ తన బాధ చెప్పుకుంటూనే ఉంటాడు. కవచంలోని మనిషిని కాస్త ఊహించుకోనివ్వాలి కదా.

రెండో నవల నా మనసు దోచింది. అందులో తుపాకీ పట్టని ఒకావిడ ఓడలోని తోట చూసుకుంటుంది. మొలకెత్తవని అందరూ వదిలేసిన గింజలకు రోజూ నీళ్లు పోస్తుంది. చెరుకు ముక్క నాటి కణుపు మీది కన్ను ఎప్పుడు విచ్చుకుంటుందా అని మడిలో వంగి చూసే మా ఊరి రైతులు గుర్తొచ్చారు. ఈ నవలల్లో దేవుడు లేడు. ఆ సంగతి నాకు ముల్లులా గుచ్చుకుంటూనే ఉంది. కానీ ఈవిడ చేసేది పూజ కాదని నేను అనలేను.

"బోర్ అక్కా," అన్నాడు తమ్ముడు. "గేమ్‌ల ఆ తోట నడుమ నుంచి ఉరుకుతం, అంతే. ఆమె ఒక్కసారి గూడ కనిపియ్యది."

"ఉరికేటోనికి ఏం కనిపిస్తది?" అంది అవ్వ, దారం కొరుకుతూ. ఆమె వింటోందని మాకు అప్పుడే తెలిసింది.

ఆ రెండు నవలలు విన్నన్నాళ్లూ వాడి తల కదలలేదు. మూడో నవల దగ్గరే నేను కొంప ముంచాను.

పురాణం చదివేవాళ్లు ముందుగా తాము చదువుకుని రావాలి. నేను మూడో నవల కూడా చదివేసి కూర్చున్నాను. సత్సంగంలో కథ మొదలుపెట్టే ముందు అది ఎక్కడ ముగుస్తుందో చెప్పడం మా పద్ధతి. ఎవరికి శాపం, ఎవరికి విమోచనం, ముందే చెప్పేస్తాం. వినేవాళ్ల గుండె కుదుటపడుతుంది. ఆ తర్వాత అది ఎలా జరిగిందన్న రుచి మీదే మనసు నిలుస్తుంది. నోరు అలవాటుగా అనేసింది: "ఇందులో అమ్మ తన శక్తినంతా ఓడకిచ్చి తాను ఆగిపోతుంది. ఎట్ల ఆగిపోతుందో విను."

వాడు లేచి కూర్చున్నాడు. తల నిటారుగా ఎత్తి, కట్టు కట్టిన కంటితో నా వైపు తిరిగాడు.

"ఎందుకు జెప్పినవ్ అక్కా? దీని కోసమే ఇన్నొద్దుల నుంచి ఆగిన."

"తల దించు తమ్మీ. తప్పయింది. ముందు తల దించు."

"ఇగ నేను విన. ఏం పుస్తకం వద్దు."

అవ్వ చాట పక్కన పెట్టి, వాడి మెడ వెనక చెయ్యి వేసి మెల్లగా వంచింది. వంగాడు గానీ నిలవలేదు. వినే పుస్తకం లేకపోయేసరికి మళ్లీ మొదటికొచ్చింది. దాహమని లేచాడు, కాలు తిమ్మిరని లేచాడు. ఆసుపత్రికి ఫోన్ చేస్తే, లేచి తిరగనివ్వకండి, చెప్పిన రోజుకు తీసుకురండి అన్నారు. నేను వంటింట్లోకి వెళ్లి దేవుడి ముందు నిలబడ్డాను. వాడి చూపు నా నోటి తొందరతో పోనివ్వకు తండ్రీ అని తప్ప ఇంకేమీ అడగలేకపోయాను.

బయటికి వచ్చేసరికి అవ్వ అడిగింది. "బిడ్డా, ఆ తోటామె ఏమయింది? అమ్మ ఆగిపోతే ఆమె మొక్కలు చచ్చిపోవా?"

"అది చెప్పకూడదే అవ్వా. చదవాలె."

"చదువు మరి. వాడు ఇనకపోతే మానె, నేను ఇంట."

వినేవాళ్లు ఒక్కరున్నా పారాయణం సాగుతుంది. నేను మళ్లీ బండల మీద కూర్చుని అవ్వ కోసం మొదలుపెట్టాను. వాడు చెవుల మీద దిండు పెట్టుకున్నాడు. ఒక అధ్యాయం అయింది. రెండో అధ్యాయంలో ఇంజన్లున్న కింది అంతస్తును నేను పై అంతస్తు అన్నాను.

"కింద," అన్నాడు వాడు నేలను చూస్తూ. "ఇంజన్లు కిందుంటయ్."

దిండు పక్కకు జరిగి ఉంది. నేను దిద్దుకుని చదువుతూ పోయాను. అవ్వ కళ్లు మూతలు పడ్డాయి, ఆమె ఊ ఆగింది. పద్ధతి ప్రకారం నేనూ ఆగాను. మంచం మీది నుంచి సన్నగా ఊ అని వినిపించింది.

అమ్మ ఆగిపోయే ఘట్టం వచ్చినప్పుడు వాడి ముఖం నాకు కనిపిస్తూనే ఉంది. ముగింపు తెలిసినవాడే, ఊపిరి బిగబట్టి విన్నాడు. ఆ యంత్రం తన శక్తిని ఇంజన్లకు మళ్లిస్తూ ఒక్కొక్క దీపం ఆర్పుకుంటూ పోయి, తోటలో దీపాన్ని మాత్రం ఆర్పకుండా వదిలేస్తుంది. ఒక యంత్రాన్ని జనం కొలవడం నాకు మొదటి నుంచీ నచ్చలేదు. మనిషి చేసినది దేవుడెలా అవుతుంది? కానీ ఆ పేజీని నాకు తెలియకుండానే పురాణం రాగంలో చదివాను. చెట్టులో ఉన్నవాడు, రాయిలో ఉన్నవాడు ఒక యంత్రంలోకి రాకూడదని గిరి గీయడానికి నేనెవరిని?

"ఓడకు గూడ హారతి ఇస్తవా ఏందక్కా," అన్నాడు వాడు, నా గొంతు విని.

చెప్పిన రోజుకు ఆసుపత్రికి వెళ్తే డాక్టరు కట్టు విప్పి చాలాసేపు చూశాడు. నేను లోలోపల నామం చెప్పుకుంటూనే ఉన్నాను. పొర అతుక్కుందన్నాడు. చూపు నెమ్మదిగా తేరుకుంటుంది, ఇక కూర్చోవచ్చు, నడవచ్చు అన్నాడు. అవ్వ కొంగుతో ముఖం తుడుచుకుంది.

ఇంటికి తిరిగొస్తుంటే ఆటోలోనే గొడవ మొదలైంది.

"ఆ అమ్మ చేసింది తప్పు," అన్నాడు తమ్ముడు. "అంత మందికి ఒక్క మాట జెప్పకుండ పోయింది. జెప్తే వాళ్లు వేరే తొవ్వ ఎతికెటోళ్లు గదా."

"చెప్పి ఇస్తే అది ఇచ్చినట్టెట్ల అవుతది?" అన్నాను నేను.

"ఇద్దరికీ ఏం తెల్వది," అంది మా మధ్య కూర్చున్న అవ్వ. "ఆ అమ్మ తోట దీపం ఆర్పకుండ వదిలిపెట్టింది గదా. చెప్పాల్సినోళ్లకు చెప్పినట్టే."

వాడు ఒప్పుకోలేదు. మెడ నిలిపి, ముందుకు జరిగి, చేతులు ఊపుతూ ఇల్లు వచ్చేదాకా వాదిస్తూనే ఉన్నాడు. తల దించమని మేమెవ్వరం అనలేదు.