ఆ వీధిలో ఆగిపోయే బండి

మా మనవడు పెరట్లో పాత మోటారుసైకిలు విప్పి, తనకు నచ్చిన రంగు వేసుకుంటున్నాడు. ఆ పెయింటు వాసన పొద్దుటి నుంచీ నన్ను స్థిమితంగా కూర్చోనివ్వడం లేదు.

మాది దివిసీమలో సముద్రం పక్క ఊరు. పడవ ఇంజన్లు బాగుచేసే మా నాన్న, బందరు పాతసామాన్ల కొట్లలో ఒక్కో ముక్కా ఏరుకొచ్చి, మా ఇంటి చూరు కింద మోటారుసైకిలు తయారుచేశాడు. పడవలకు వేయగా మిగిలిన ఆకుపచ్చ రంగును కుంచె గీత కనబడకుండా టాంకుకు పూశాడు.

ఆ బండికి ఒక్కటే రోగం. పెద్ద రైతుల వీధి మొదట్లోకి రాగానే ఆగిపోయేది. “ఇంజను వేడెక్కిందిరా, దిగు,” అని నాన్న దాన్ని తోసుకుంటూ నడిచేవాడు.

అరుగు మీద నుంచి ఒకాయన, “ఏరా నాగేసూ, రంగు బాగా కుదిరిందిరా. నువ్వలా తోసుకెళ్తుంటే తీరిగ్గా చూడ్డానికి ఇంకా బాగుంటది,” అనేవాడు. పక్కనున్నవాళ్లు నవ్వేవారు.

“చిత్తమండీ,” అనేవాడు నాన్న. వీధి దాటి కాలవగట్టు ఎక్కగానే బండి ఒక్క తన్నుకే స్టార్టయ్యేది.

ఓ రోజు నాకు సిగ్గేసింది. “నీకు ఇంజను బిగించడం రాదు నాన్నా. గుడివాడలో మెకానిక్కుకి చూపిద్దాం,” అన్నాను.

నాన్న నా వైపు చూడలేదు. “నిజమేరా. బండి పని నాకంతగా తెలీదు,” అన్నాడు.

ఇంజను ఆపుతున్నది నాన్నేననీ, ఆ వీధిలో మావాళ్లెవరూ బండెక్కి వెళ్లకూడదనీ నాకు మీసాలొచ్చాక తెలిసింది. ఆ అరుగుల మీది పెద్దమనుషులను తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. కొడుక్కి ఆ మాట చెప్పలేక, నడిసముద్రంలో ఆగిపోయిన ఇంజన్లను కదిలించిన మనిషి, తనకు పని రాదని ఒప్పుకున్నాడు.