ఆర్షాంబో చెక్కిన ముఖం

మా బావ ఆర్షాంబో లువార్ నది ఒడ్డున దొరగారి టంకశాలలో ముప్పై ఏళ్లు నాణేల అచ్చులు చెక్కాడు. ఉలి ఆయనది, సమ్మెట నాది. అచ్చు అరిగిందా, పాత నాణెం ముందు పెట్టుకుని ఉన్నదున్నట్టు దించాలి. వాళ్ల నాన్నా అంతే, తాతా అంతే. నాణెం మీద ఒక కొక్కెం, నాలుగు అడ్డగీతలు, మూడు చుక్కలు. ఏమిటవి అని ఎవడడిగాడు? చెల్లుతోంది, చాలు.

ఒకరోజు ద్రాక్షతోట తవ్వే ముసలి ఎర్వే మట్టిలో దొరికిన తాతలనాటి నాణెం ఒకటి తెచ్చాడు, కరిగించమని. బావ దాన్ని బూడిదతో తోమాడు. పక్కకు తిప్పి చూసి, నన్ను కేకేశాడు.

"ఒరే గోతియే, ముఖంరా ఇది! రాజు ముఖం! మన కొక్కెం ముక్కురా, చుక్కలు కిరీటంలో ముత్యాలురా! దించీ దించీ గీతలు చేసేశాం! ఇన్నాళ్లూ మనిషిని చెక్కుతూ మనిషని తెలీకుండా బతికాను!"

"అయితే ఏంటి బావా, కూడు మానేస్తావా?" అన్నాను. నా నోరు పడిపోను.

టంకశాల పెత్తందారు జ్వరంతో మంచం పట్టిన వారంలో బావ కొత్త అచ్చు చెక్కాడు. కన్ను, ముక్కు, పెదవి. ఎంత చక్కటి ముఖమో!

"వద్దు బావా. ముద్ర మారిస్తే దొంగనాణేల శిక్షే. వేలు పోతుంది."

"ఒక్కసారి సరిగ్గా చెయ్యనీరా," అన్నాడు. సమ్మెట ఎత్తింది నేనే.

సెయింట్ మార్టిన్ సంతలో చేపలమ్మే ఒదెలీన్ ఆ నాణేన్ని కొరికి చూసి విసిరికొట్టింది. "ఎవడి మొహమయ్యా ఇది? మా నాణేనికి మొహమెక్కడిది? ఎవర్ని ముంచుదామని?" క్షణాల్లో సంతంతా అదే గోల. బావ ఎర్వే నాణెం చూపించి బతిమాలాడు. అదీ దొంగదే అన్నారు.

దొరగారి అధికారి అచ్చు పగలగొట్టించి, బావ కుడి బొటనవేలు తీయించాడు. సమ్మెటవాడికేం తెలుసులే అని నన్ను వదిలేశాడు. బావ భార్య, మా అక్క హెర్సాండ్ ఇప్పటికీ నాతో మాట్లాడదు. మాట్లాడకపోవడమే న్యాయం.

పుండు మానకముందే కొత్త కంసాలిని తెచ్చారు. వాడికి పని చూపించమని బావనే కూర్చోబెట్టారు. కాదంటే ఇంట్లో పొయ్యి వెలగదు. వాడు చురుకైనవాడు. మామూలు గీతల నాణేన్ని అటూ ఇటూ తిప్పి, కొక్కెం మీద వేలు పెట్టి, "పెద్దాయనా, ఇది ముక్కులా లేదూ?" అన్నాడు.

బావ వాడి చేతులకేసి చూశాడు. పది వేళ్లూ ఉన్నాయి.

"ముక్కేంటి నాయనా, పిచ్చా? గీత అది. గీతలాగే దించు."