గసాంట్ గోడమీది పిస్టన్లు

కేప్‌టౌన్‌లో మెకానిక్ గసాంట్ షెడ్డుకి వచ్చే ప్రతివాడికీ టర్బోయే కావాలి. ఆయిల్ కూలర్ కావాలని అడిగినవాడు ముప్పై ఏళ్లలో ఒక్కడంటే ఒక్కడు లేడు. "ఇంజన్లోకి గాలిని బలవంతంగా తోస్తే వేడి పుడుతుందిరా నాయనా! అదెక్కడికి పోతుంది, మీ అత్తగారింటికా?" అని ఒకప్పుడు నెత్తీనోరూ కొట్టుకునేవాడు. ఇప్పుడది కూడా మానేశాడు. అరవై దాటాయి. మోకాళ్లు మొరాయిస్తున్నాయి. ప్రాణం విసిగిపోయింది.

షెడ్డులో ఒక గోడ ఉంది. ట్రాక్ మీద ఇంజన్ పేల్చుకున్నవాడు విరిగిన పిస్టన్ని తన చేత్తోనే ఆ గోడకి తగిలించి, కింద సుద్దతో పేరూ, చేసిన తప్పూ రాయాలి. "బూస్టు పెంచాను." "ఆయిల్ చూసుకోలేదు." అది రాసేదాకా గసాంట్ ఆ కారు బాగుచెయ్యడు. మొదట అందరూ బొంకుతారు. పిస్టన్ చూపిస్తే తలలు దించుకుంటారు.

మరెల్డియా ఆస్పత్రిలో నర్సు. పోయిన అన్న ఇగ్సాన్ కారునే ట్రాక్ మీద నడుపుతోంది. ఆ ఇంజన్ బ్లాకుని ఇగ్సాన్ అప్పటికే రెండుసార్లు బోరు చేయించాడు, అంటే సిలిండర్లు లోపల గీయించాడు. ఇంక గీయడానికి లోహం మిగల్లేదు. మళ్లీ దెబ్బ తగిలితే పాత ఇనుము కొట్టుకే.

"టర్బో పెట్టాలని అన్నకి ఎంత ఆశో బాబాయ్! ఈ ఒక్క సీజన్ నిలబడితే చాలు నాకు," అంది.

"నిలబడుతుంది. కానీ గాలి ఒత్తిడి పెంచే ఆ బూస్టు మర ముట్టుకున్నావో, మళ్లీ నాకు మొహం చూపించకు."

గసాంట్ టర్బో బిగించి ఇచ్చాక వచ్చిన ఆదివారం, ఇరవై నిమిషాల పరుగు. పద్నాలుగో నిమిషంలో కారు వెనక నీలంగా పొగ లేచింది. లాక్కొచ్చాక గసాంట్ అందరి ముందూ విరుచుకుపడ్డాడు.

"తిప్పావు కదూ?"

"లేదు బాబాయ్. అన్న మీద ఒట్టు."

"అందరూ ఒట్లు వేసేవాళ్లే! మీ అన్నా వేశాడు. పోయి చూడు, గోడమీద వాడిదీ ఉంది!"

పక్కన సమోసాలు తింటున్నవాళ్లు పగలబడి నవ్వారు. మరెల్డియా చాలాసేపు హెల్మెట్ తియ్యలేదు.

బుధవారం ఇంజన్ విప్పాడు. మూడు సిలిండర్లు బాగానే ఉన్నాయి. నాలుగోది నిలువునా గీసుకుపోయింది, పిస్టన్ అంచు విరిగింది. పిస్టన్ చుట్టూ ఉండే రింగుకి రెండు చివర్ల మధ్య చిన్న సందు ఉంటుంది. వేడికి రింగు సాగుతుంది, టర్బో వేడికి మరీ సాగుతుంది. అందుకే దాని చివర్లు ఆకురాయితో అరగదీసి సందు పెంచాలి. ఇక్కడ చివర్లు అద్దంలా మెరుస్తున్నాయి. ఒకదాన్నొకటి గుద్దుకున్నాయన్నమాట. ఈ రింగుని ఆకురాయి తాకనేలేదు.

గసాంట్‌కి ఈ ఇంజన్ బిగించిన శుక్రవారం గుర్తొచ్చింది. మూడు సిలిండర్ల రింగులు అరగదీసేసరికి అజాన్ వినిపించింది. చేతులు కడుక్కుని నమాజుకి వెళ్లాడు. వచ్చి అన్నం తిన్నాడు, కళ్లు మూతలు పడ్డాయి. లేచి, నాలుగోదీ అయిపోయిందనుకుని కొలవకుండానే బిగించేశాడు. ఛీ, ఏం బతుకు! ఈ తప్పుకి ఎంతమందికి గడ్డిపెట్టాడో తను!

పాత ఆయిల్ డబ్బా పక్కనే ఉంది. రింగు అందులో పడేస్తే ఎవడికి తెలుస్తుంది? చాలాసేపు దాన్ని చేతిలో తిప్పుతూ కూర్చున్నాడు. చివరికి జేబులో వేసుకున్నాడు.

శనివారం షెడ్డు నిండా జనం. మరెల్డియా డ్యూటీ బట్టల్లోనే వచ్చింది.

"సుద్ద ఇవ్వండి బాబాయ్, రాసేస్తాను. తిప్పలేదనే నాకు గుర్తు. కానీ మీరన్నారంటే తిప్పే ఉంటాను."

ఆ మాటకి గసాంట్ సిగ్గుతో చచ్చిపోయాడు. జేబులోంచి రింగు తీసి ఆమె అరచేతిలో పెట్టాడు.

"నువ్వు తిప్పలేదు తల్లీ. నేనే దీన్ని అరగదీయలేదు. మీ అన్న బ్లాకుని పాడుచేసింది నేను."

ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి.

"అందరి ముందూ అన్నారు బాబాయ్."

"అన్నాను."

"మరి అందరి ముందూ రాయండి. మా అన్న పిస్టన్ పక్కనే."

గసాంట్ స్టూలెక్కాడు. ఇగ్సాన్ పిస్టన్ పక్కన మేకు కొట్టి, విరిగిన పిస్టన్ తగిలించి, సుద్దతో రాశాడు: "సందు కొలవలేదు. గసాంట్." స్టూలు కదలకుండా మరెల్డియా పట్టుకుంది. దిగేటప్పుడు మాత్రం చెయ్యి అందించలేదు.