గడ్డిలో నా ముడి

తొంభై నాలుగు జూన్ చివర్లో, మధ్యాహ్నం రెండు గంటలకు, ఈశాన్య కొండల్లో మా ఆర్మీ క్యాంపు ముందు లారీ దిగాను. వాన. మోకాలి దాకా బురద. సంచిలో నాలుగు జతల సాక్సులు, బోధన్ బెల్లం ముద్ద, అవ్వ కట్టిచ్చిన బీడీ తంబాకు పొట్లం. మా దగ్గర అమ్మను అవ్వ, నాన్నను బాపు అంటాం. ఆమె బీడీలు చుడుతుంది. నేను బీడీ తాగను. తంబాకు తడిపి సాక్సులకు రాస్తే జలగలు పట్టవని ఎవరో చెబితే గుర్తు పెట్టుకుని ఇచ్చింది.

మా పోస్టు కొండ మీద. క్యాంపు నుంచి ఇరవై రెండు కిలోమీటర్లు, అంతా నడకే. పైకి వెళ్లిన మూడో నెలలో నీళ్ల డబ్బా మోస్తూ జారిపడ్డాను. కుడి మోకాలు. కింద క్యాంపులో ఇరవై రోజులు పడుకోబెట్టారు. లేచాక మేజర్ సాబ్ పిలిచి, "ఇక పైకి వద్దు. స్టోరులో బియ్యం తూచుకో" అన్నారు.

"ఒక్కసారి నడిచి చూపిస్తాను సాబ్. తోడు కూడా వద్దు."

ఆయన నా మోకాలివైపు చూశారు. "పొద్దున ఆరుకు బయల్దేరు. సాయంత్రం ఐదు లోపల పోస్టులో ఉండాలి. నిమిషం దాటినా స్టోరే."

మామూలుగా ఒంటరిగా పంపరు. ముందురోజే మా గస్తీ ఆ దారంతా తిరిగి వచ్చింది కాబట్టి ఒప్పుకున్నారు.

ఆరుకు బయల్దేరాను. రైఫిల్, వైర్‌లెస్ సెట్టు, రెండు సీసాల నీళ్లు, దిక్సూచి, వీపున పద్దెనిమిది కిలోలు. ఎనిమిదికి వాగు దాటాను. పదికి వెదురు తోపు. పన్నెండున్నరకు దారే లేదు. రాత్రి వానకు కొండచరియ విరిగి దాన్ని మింగేసింది. పక్కనంతా గడ్డి, మనిషి కన్నా రెండు మూరలు ఎత్తు.

నాకు నవ్వొచ్చింది. ఇది మా చెరుకు తోటే కదా! మా బాపు కోటగిరి చుట్టుపక్కల చెరుకు నరికే మనిషి. తోటలో తప్పిపోకుండా రెండు గడల ఆకులు కలిపి భుజం ఎత్తున ముడి వేసుకుంటూ వెళ్లేవాడు. నేనూ ముడులు వేస్తూ గడ్డిలోకి దూరాను. కాస్త పోగానే మధ్యలో సన్నని సందు, అచ్చం చెరుకు సాలులా. మా దగ్గర ఏ సాలు పట్టుకున్నా చివరికి గట్టు ఎక్కుతాం. దిక్సూచి ప్రకారం పోస్టు కుడివైపు. నేను సాలునే నమ్మాను.

గంటకు పైగా నడిచాక ఎదురుగా ఒక ముడి. దగ్గరికెళ్లి చూశాను. కుడి మీద ఎడమ, రెండు చుట్లు. నాదే. అది సాలు కాదు, అడవి పందుల బాట. వాటికి గట్టుతో పనేముంది?

రెండు గంటలకు సెట్టు పలికింది. పోస్టులో వైర్‌లెస్ ఆపరేటర్‌ది మా నిజామాబాదే.

"అన్నా, ఏడున్నవ్?"

"గడ్డిల ఉన్న. తిరిగి తిరిగి ఉన్నకాడికే అచ్చిన."

"గట్లనా! హవల్దార్ సాబ్ అంటుండు, ఆడనే కూసోమను, నలుగుర్ని తోలుతా అని. నిన్ను మోసుకొస్తరంట."

"నేనేమన్న పసుపు బస్తనా, మోసెటందుకు? గది ఆర్డరా? అడుగు."

కాసేపు గరగర. "ఆర్డర్ గాదంట. నీ మీద దయ అంట."

"దయ అయితె వద్దను. చాయ్ పెట్టమను. ఐదింటికల్ల నేనే అస్త."

"నీయంత మొండోన్ని సూడలే అన్నా!"

తువ్వాలు తీసి మోకాలికి బిగించి కట్టాను. దిక్సూచి ఎడమ చేతిలో పట్టుకుని పందుల బాటకు అడ్డంగా కుడివైపు తిరిగాను. గడ్డి అంచులు చెంపలు కోశాయి. ఈసారి ఒక్క ముడీ వేయలేదు. వెనక్కి వచ్చే పని ఉన్నవాడికి కదా ముడి! మూడుంబావుకు గడ్డి అయిపోయింది, పైన దారి కనిపించింది. ఇంకా అయిదు కిలోమీటర్ల ఎక్కుడు. కాలు మడత పడడం మానేసింది. మడవకుండానే ఎక్కాను.

నాలుగూ యాభై రెండుకు పోస్టు. హవల్దార్ గడియారం చూశాడు, నా కాలు చూశాడు, చాయ్ చేతికిచ్చాడు.

"ఎనిమిది నిమిషాలు ముందే. కూర్చో."

"నిలబడే తాగుతాను సాబ్."

కూర్చుంటే మళ్లీ లేవలేనని నాకొక్కడికే తెలుసు. రాత్రి పడుకునేముందు తంబాకు రాసిన సాక్సులు విప్పితే ఒక్క జలగ లేదు.

ఆ కొండ మీద ఇంకా పద్నాలుగు నెలలు చేశాను. తిరిగొచ్చి బోధన్ బస్టాండులో దిగేసరికి చెరుకు నరికే రోజులు. ఇంటి ముందు అవ్వ ఒళ్లోని బీడీల చాట పక్కన పెట్టింది.

"ఇదేందిరా, కాలు ఈడుస్తున్నవ్?"

"నడుస్తున్న కదనే అవ్వ."

ఇప్పటికీ చెరుకు తోటలోకి అడుగుపెడితే ఆ గడ్డే కనిపిస్తుంది. భుజం ఎత్తున పచ్చటి ముడి, కొసన ఒక వాన చుక్క. నా చేత్తోనే వేసింది, నాకే ఎదురు నిలబడింది. ఆ రోజు దాన్ని విప్పలేదు. భుజంతో తోసుకుని దాటిపోయాను. వాన చుక్క చొక్కా మీద పడింది.