ఇంటి దారివైపు తిప్పిన చెప్పులు

"అత్త పోయింది పాపా" అని కోవిల్‌పట్టి ఆసుపత్రి నుంచి నాన్న ఫోన్ చేసినప్పుడు నేను విరుదునగర్ బస్టాండులో ఉన్నాను. ఏళాయిరంపన్నై దగ్గర టపాసుల ఫ్యాక్టరీలో మందు కలిపే గది పేలిందని అక్కడ అప్పటికే చెప్పుకుంటున్నారు. టీ తాగుతూ నేనూ విన్నాను. అది మా మేనత్త గది అని తెలియలేదు.

ఆకాశంలో విచ్చుకునే టపాసులకు రంగుమందు కలపడం ఆమె పని. కలిపేటప్పుడు అన్నీ బూడిద రంగే. రాపిడికి నిప్పు లేస్తుందని ఆ గదిలోకి చెప్పులతో పోనివ్వరు. ఆ అలవాటు ముదిరి, ఫొటో స్టూడియో ముందు కూడా చెప్పులు విడిచేది. విడిచి, వాటి ముక్కులు ఇంటి దారివైపు తిప్పేది. జనం భక్తి అనుకునేవాళ్ళు. "బక్తీ లేదు, ఏమీ లేదు. పరిగెత్తాలంటే తిప్పుకునే తీరిక ఉంటాదా?" అని నవ్వేది.

చదువయ్యాక ఊరికే ఉండలేక, పోయిన ఎండాకాలం ఆమెను మండపం అనే సముద్రపు ఒడ్డు ఊరికి తీసుకుపోయాను. మన్నార్ సింధుశాఖలో పగడపు దిబ్బలున్న రక్షిత ప్రాంతమది. అడుగున అద్దం బిగించిన పడవలో తిప్పి చూపిస్తారు. "నీ కాలు ఒక చోట నిలవదు, నన్ను కూడా ఈడ్చుకుపోతావుండావు" అని దారంతా సణిగింది. రేవులో చెప్పులు విడిచి, ఒడ్డువైపు తిప్పి పెట్టింది.

"వేసుకోండమ్మా, ఇది గుడి కాదు" అన్నాడు పడవాయన తమిళంలో.

రంగులు చూద్దువుగాని రమ్మన్నది నేనే. అద్దం కింద కనిపించింది తెలుపు. కొమ్మలు కొమ్మలుగా, ఎంత దూరం పోయినా తెలుపే. ఒక పచ్చని చేప దాన్నే కొరుక్కుంటూ తిరుగుతోంది.

"ఎవరు మే దీనికి సున్నం కొట్టిరి?"

నీళ్ళు వేడెక్కితే పగడాలకు రంగు పోతుందని, వేడి తగ్గకపోతే చస్తాయని పడవాయన చెప్పాడు. అత్త అద్దం మీద వంగినది వంగినట్టే ఉండిపోయింది.

"మా మందు కాలితేనే రంగొస్తాది. దీనికి కాగితే పోతాదే." తలెత్తి అడిగింది: "ఎండెక్కితే మేము కలపడం నిలిపి ఇంటికి పోతాము. ఇవి ఎక్కడికి పోతాయి పాపా?"

పడవాయన ఇంజను ఆపేశాడు.

తిరుగు బస్సులో, ఇక ఆ పని మానెయ్యమని బతిమాలాను.

"ఈ దీపావళి పోనీ. ఆపైన నువ్వు పిలిచిన చోటికల్లా వస్తా, సరియా?"

నమ్మాను.

గది పేలిన రోజు ఎండెక్కినా పని ఆపలేదట. పండగ ఆర్డర్లు. "నిలుపుదాము" అని అత్త అడిగిందని తోటి ఆడవాళ్ళు చెప్పారు. ఆమెకు ఏం బదులొచ్చిందో చెప్పలేదు.

ఎక్కడికి వెళ్ళినా బయటికి దారి ఎటో ముందు చూసుకుంటాను. అది ఆమె ఇచ్చినదే.

నాన్నా నేనూ ఫ్యాక్టరీకి వెళ్ళాం. గది ఉన్నచోట గోడ కూడా లేదు. దూరంగా, ఆడవాళ్ళు చెప్పులు విడిచే వేపచెట్టు కింద, మిగతావాళ్ళు తమవి వేసుకుని పోగా ఒక జత మిగిలింది. మసి పట్టి, ముక్కులు రోడ్డువైపు తిరిగి ఉంది.