ఈశ్వరమ్మ అడగని ప్రశ్న

మానసిక ఆరోగ్యం పోస్టింగుకి విశాఖలో పెద్దాసుపత్రి వార్డు దొరుకుతుందని ఆశపడితే, మమ్మల్ని నలుగురిని డుంబ్రిగుడ కొండల మీదకి తోలేశారు. నాకు ఒళ్లు మండింది. నర్సింగు మూడో ఏడు, క్లాసులో ఎప్పుడూ మొదటి మార్కు నాదే. ఈ కొండ మీద నాకు నేర్పేవాళ్లెవరు అనుకున్నాను.

నేర్పింది ఈశ్వరమ్మ. ఆరోగ్య ఉపకేంద్రంలో ఇరవై రెండేళ్లుగా నర్సు. పుట్టింది జి.మాడుగుల దగ్గర ఓ చిన్న ఊళ్లో. పొట్టి మనిషి, గట్టి గొంతు. ఎవరింటికి వెళ్లినా కుర్చీ వెయ్యనివ్వదు. వాళ్లు చింతపండు గింజలు తీస్తుంటే తనూ తీస్తుంది, చోళ్లు చెరుగుతుంటే చేట అందుకుంటుంది. ఆ పనిలోనే కబురంతా లాగుతుంది. మేం ఫారాలు పట్టుకుని నిలబడి ప్రశ్నలడిగితే ఆవిడకి చిరాకు.

"పోలీసోళ్లలాగ నిలబడిపోతారేటి? కూకోండి!" అని కసిరేది. నేను ఫారం నింపడానికే కూచునేదాన్ని.

ఆవిడ చూసుకునే రోగుల్లో సోములమ్మ ఒకతె. ముప్పై నాలుగేళ్లు, పనసగుడలో కాపురం. మూడేళ్ల కిందట ఆమెకి ఎవరో తిడుతున్నట్టు చెవిలో గొంతులు వినబడడం మొదలైంది. ఓసారి ఇల్లొదిలి పోయి నాలుగు రోజులకి అడవిలో దొరికింది, కాళ్లంతా చీరుకుపోయి. ఊరి పూజారి చేత పూజ చేయించారు. ఈశ్వరమ్మ ఆ పూజకి అడ్డు చెప్పలేదు, కోడికూర కూడా తినివచ్చిందట. మర్నాడే సోములమ్మని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది. అప్పటినుంచి నెలకొక ఇంజక్షన్. సంత రోజున దిగివచ్చి వేయించుకునేది. గొంతులు ఆగిపోయాయి.

ఆ ఇంటికి వెళ్లిరావడం నా వంతు పడింది. సోములమ్మ గోడకానుకుని కూచుంది. ముఖంలో కదలిక లేదు. నవ్వదు, ఏడవదు, కన్ను కూడా సరిగా ఆర్పదు. పది అడిగితే ఒక ముక్క చెప్పింది.

"ఏ పనీ సెయ్యదమ్మా," అన్నాడు భర్త బుధు. "కాఫీ పళ్లు కొయ్యడానికి రాదు. కూతురు గుంటకి జడైనా ఎయ్యదు."

నేను పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు రాసేశాను. భావాలు మొద్దుబారాయి, దేనిమీదా ఆసక్తి లేదు, జబ్బు లొంగలేదు, మందు పెంచాలి. రాసుకుని మురిసిపోయాను కూడా. గురువారం కొండకి వచ్చే మానసిక వైద్యుడి ముందుకి ఆ కాగితమే వెళ్తుంది.

ఈశ్వరమ్మ దాన్ని రెండుసార్లు చదివింది. "బాగా రాసినావు గుంటా. ఆమె సేతులు సూసినావా?"

"చేతులెందుకమ్మా? జబ్బు మనసుది కదా."

ఆవిడ ఆ కాగితం మడిచి నా చేతికిచ్చేసింది. మర్నాడు పొద్దున్నే ఇద్దరం కొండెక్కాం.

బుధు వాకిట్లోనే అడ్డుపడ్డాడు. "ఆ సూది ఇంక ఒద్దు సిస్టరమ్మా. సూది తోటే మనిషి రాయైపోనాది."

"ఆపేస్తే మళ్లీ అడివి పాలే బుధూ. ఒక్క పూట ఆగు," అని ఈశ్వరమ్మ సోములమ్మని ఇంటెనక కాఫీ తోటలోకి నడిపించింది. మొక్క కింద ఎదురెదురుగా కూచున్నారు. మధ్యలో బుట్ట. ఏమీ అడగకుండా ఈశ్వరమ్మ ఎర్రపళ్లు ఏరి కొయ్యడం మొదలుపెట్టింది. కాసేపటికి సోములమ్మ కూడా చెయ్యి చాపింది.

అప్పుడు చూశాను. ఆమె చూపు పండిన పండు మీదే ఉంది. చెయ్యి అక్కడిదాకా వెళ్లింది, వేళ్లు మాత్రం ముడుచుకోలేదు. బొటనవేలు చూపుడువేలి మీద సన్నగా వణుకుతోంది. పండుతోపాటు రెమ్మ విరిగి వచ్చింది. ఈశ్వరమ్మ దోసెడు కోసేసరికి ఆమెకి దొరికినవి మూడు పళ్లు. ఈశ్వరమ్మ ఆమె మోచెయ్యి పట్టుకుని మెల్లగా వంచింది. తుప్పు పట్టిన గిలకలాగ ఆగి ఆగి కదిలింది.

నాకు చెంపలు మండిపోయాయి. ఈ మందుతో కొందరికి కండరాలు బిగుస్తాయని, ముఖం కూడా బిగిసి భావమే లేనట్టు కనిపిస్తుందని నాకు తెలుసు. పరీక్షలో పది మార్కులకి రాశాను. మనిషి ఎదురుగా కూచుంటే పోల్చుకోలేకపోయాను. మందు పెంచితే ఆమె ఇంకా బిగుసుకుపోయేది. బుధు మొత్తానికే మానిపించేవాడు. ఆ గొంతులు మళ్లీ వచ్చేవి.

"ఎన్నాళ్ల నుంచి ఇలాగ?" అడిగింది ఈశ్వరమ్మ.

"పోయినేడు కాఫీ కోతల కాణ్ణుంచి."

"నాతో సెప్పనేదేటి సెల్లీ?"

సోములమ్మ విరిగిన రెమ్మ వంక చూసింది. మాట కూడా ఆగి ఆగి వచ్చింది. "నువ్వడగనేదు. నిద్దరడిగినావు, తిండడిగినావు, గొంతులడిగినావు. సేతులడగనేదు." మళ్లీ ఆగింది. "కొండదేవతకి కోడినిచ్చుకుంటాం. ఊరికే ఏదీ రాదు గదా. గొంతులు పోడానికి నా సేతులిచ్చీసేననుకున్నాను."

ఈశ్వరమ్మ కోత ఆపేసింది. ఆ రెండు చేతుల్నీ తన ఒళ్లోకి తీసుకుంది. "తప్పు నాది సెల్లీ. నెలనెలా నిన్ను సూసి కూడా అడగనేదు."

రోగి ముందు నర్సు తప్పొప్పుకోవడం నేనెక్కడా చూడలేదు. నాకు ఏడుపొచ్చింది. ఆ సాయంత్రమే నా కాగితం చింపి కొత్తది రాశాను, చేతులతో మొదలుపెట్టి.

గురువారం డాక్టరు ఆమెని పరీక్ష చేసి మోతాదు తగ్గించారు, బిగువు సడలడానికి మాత్ర రాశారు. ఒక్కసారిగా ఆపితే ఏమవుతుందో బుధుకి విడమరిచి చెప్పారు. "రెండు నెలలు సూస్తాను. తరవాత మాత్రం ఒప్పుకోను," అన్నాడు బుధు. ఆ రెండు నెలలూ ఈశ్వరమ్మ వారానికోసారి పనసగుడ ఎక్కింది.

పోస్టింగు ముగిసి దిగిపోయిన నేను మళ్లీ వెళ్లింది రెండు నెలలకి, కేసు రికార్డు మీద ఆవిడ సంతకం కోసం. ఆ రోజు సంత. కేంద్రం వాకిట్లో పెద్ద గొడవ వినబడింది. చూద్దును కదా, సోములమ్మ! పక్కన కూతురు. ఎదురుగా ఈశ్వరమ్మ తలొంచుకుని నిలబడి ఉంది.

"ఏడాది కాఫీ సెట్టు మీదే ఎండిపోనాది! నా గుంట తల అట్టకట్టీసినాది! ఇరవయ్యేళ్లుగా నువ్వు సేత్తన్నదేటి? నువ్వు నర్సువేనా?" కళ్లెర్రజేసి, వేలు ఆడిస్తూ, ఊపిరి తీసుకోకుండా తిడుతోంది. సంతకి వచ్చినవాళ్లు గంపలు దింపి మరీ చూస్తున్నారు. నేను అడ్డం వెళ్లబోతే ఈశ్వరమ్మ చెయ్యి పట్టి లాగింది.

"ఉండు, తిట్టనీ," అంది గొంతు తగ్గించి. ఆవిడ కళ్ల నిండా నీళ్లు, పెదాల మీద నవ్వు.

సోములమ్మ తిట్టడం ముగించింది. కొంగుతో ముఖం తుడుచుకుంది.

"సరే, బేగి సూది పొడు. సంత అయిపోతాది," అని ఇంజక్షన్ గదిలోకి తనే ముందు నడిచింది.