పేరు లేని కుర్చీలు

మా మేనమామ పోయాడన్న కబురు తెల్లవారుజామున ఫోనులో వచ్చింది. చేసింది మామ కూతురు, నా మరదలు. ఏడ్చింది. ఏడుస్తూనే అడిగింది: "వదినా, నాయినకు ఏ కుర్చీలు ఎయ్యాలె?"

ప్రియులారా, తండ్రి పోయిన పూట ఆడబిడ్డ కుర్చీల సంగతి అడగడమేమిటని మీకు తోచవచ్చు. చిట్యాలలో టెంట్ హౌస్ నడిపిన ఆ మనిషిని ఎరిగినవాళ్లకు మాత్రం తోచదు. చావింటికి వేయడానికి మామ దగ్గర వేరే కుర్చీలు ఉండేవి. వెనక పేరు గానీ ఫోన్ నంబరు గానీ రాయని ఉత్త తెల్ల కుర్చీలు. అవి ఆ పొద్దు గోదాములో లేవు. ముందురోజే మర్రిగూడ దిక్కు ఒక చావింటికి పోయాయి. మిగిలినవన్నీ వీపు మీద నీలం అక్షరాలతో దుకాణం పేరున్నవే. చావింట్లో మన పేరు కనపడొద్దన్నది మామ చివరిదాకా పట్టుకున్న మాట. ఆ మాట ఆయన వాకిట్లోనే తప్పేలా ఉంది.

"మర్రిగూడకు బండి పంపుదామా?" అన్నాను. ఫోనులోనే అత్తమ్మ గొంతు వినపడింది: "వద్దే! ఏడుస్తున్నోళ్లను లేపి కుర్చీలు గుంజుకొస్తరా? ఆయన ఇంటే లేసి కూసుంటడు."

నేను వాక్యం చెప్పుకునే మనిషిని. ఏ వేదాంత కళాశాల గడపా తొక్కలేదు. పగలు మిషను మీద షామియానాలు కుడతాను, సాయంత్రం మైకు దొరికితే సువార్త చెబుతాను. ఆ మిషనూ ఆ మైకూ రెండూ మామ ఇచ్చినవే. ఆయన మా విశ్వాసంలోకి రాలేదు. బోనాలకూ దర్గాకూ మా కూటానికీ ఒకే మనసుతో పందిరి వేసేవాడు. నేను ఆత్మావేశంతో ప్రసంగిస్తుంటే వెనక వరుసలో కూర్చుని జనాన్ని కాదు, కుర్చీల కాళ్లను చూసేవాడు. ఒకసారి నేరుగా మైకు దగ్గరికే వచ్చేశాడు. "కోడలా, నువ్వు గట్ల ఒర్లుతాంటే జనం ఎగురుతున్నరు, నా కుర్చీలు ఇరుగుతున్నయ్. దేవునికి చెవుడా? జర మెల్లగ చెప్పు!" మైకు ఆన్‌లోనే ఉంది. ఊరంతా విన్నది. ఆమెన్ అన్నది కూడా.

పందిరి వేసే ఇంటికి పోగానే మామ మొదట ఆ ఇంట్లో అందరికన్నా పెద్దవాళ్లెవరో అడిగేవాడు. "అవ్వా, పగటిపూట నువ్వెక్కడ కూసుంటవ్?" ఆమె చూపించిన జాగాలో తానే కూర్చుని, పొద్దు ఎటు తిరుగుతుందో చూసి, అప్పుడు గుంజ పాతించేవాడు. అందరూ భోజనాలకు లేచే వేళకు ఆ ముసలమ్మ మీద నీడ ఉండాలి. ఆయన కిరాయికి ఇచ్చిన అసలు సరుకు అదే.

అంతటి మనిషి దుకాణం కూడా ఒకప్పుడు మూతపడబోయింది. ఎందుకు? తెలంగాణ వచ్చాక రోడ్డు వెంబడి ఫంక్షన్ హాళ్లు లేచాయి. కుర్చీ, కూలరు, వంటపాత్ర, లైటు, అన్నీ ఒకే చోట. లగ్గాలన్నీ అటే పోయాయి. పాత ఇనుము కొనేవాడు వచ్చి మామ పైపులను తట్టి చూసిపోయాడు. ఆ సాయంత్రం అత్తమ్మ వంట చెయ్యలేదు.

అప్పుడే డిగ్రీ అయిపోయిన మరదలు నడుం కట్టింది. పాంప్లెట్లు పంచింది. మామ ఆటోకు మైకు కట్టించాడు. నేను ఫ్లెక్సీ వేయించాను. ఎవరికి వాళ్లం ఉత్సాహంగా చేశాం, ఒకరినొకరం అడగలేదు. పాంప్లెట్‌లో ఒక పేరు, ఒక నంబరు. ఫ్లెక్సీలో ఇంకో పేరు, ఇంకో నంబరు. ఆటో మైకులో మూడోది. దుకాణం బోర్డు మీద మాత్రం మామ తల్లి పేరు. వారం తిరగకముందే చాయ్ హోటల్ దగ్గర ఒకాయన మామ భుజం తట్టి జాలిపడ్డాడట. "ఏందే, ఊళ్లె కొత్తగ మూడు టెంట్ హౌసులు లేసినయంట! నీకు కష్టమేనే ఇగ!"

మామ ఇంటికి వచ్చి పొట్ట పట్టుకుని నవ్వాడు. "నాకు పోటీ ఎవలనుకున్నరు? నేనే! నేనే మూడు దుకాణాలై నా మీద పడ్డ!"

ఆ నవ్వులోంచే పని మొదలైంది. నేను గ్రంథం తెరిచాను. ఒడ్డున కూర్చుని వల బాగుచేసుకునే జాలరుల సంగతి చెప్పాను. "మామా, దారం ఉంటే వల కాదు. ముడి పడితేనే వల! మన కాడ దారాలున్నయి, ముడుల్లేవు!" అన్నాను.

మామ లేచి గోదాములోంచి కుర్చీలు తెచ్చి వాకిట్లో గుండ్రంగా వేశాడు. ఒక్కొక్క దాని మీద చెయ్యి పెట్టి చెప్పాడు. "గీ కుర్చీ ముహూర్తం పెట్టే అయ్యగారు. గిది లగ్గం పత్రికలు అచ్చేసేటాయన. గిది వంటమాస్టరు. గిది ఫోటోలాయన. లగ్గం కుదిరినోళ్లు ముందుగాల్ల ఎవలి కాడికి పోతరు?"

"అయ్యగారి కాడికి" అంది మరదలు.

"ఆడికెల్లి?"

"పత్రికలాయన కాడికి."

"మరి గీళ్లందరు నాకెర్కే. నేను ఆళ్లకెర్కే. కని ఒక్క కుర్చీల కూసున్నోడు పక్క కుర్చీ దిక్కు చెయ్యి సాపుతలేడు. లగ్గమోళ్లు నడుమలకెల్లి ఎల్లిపోతున్నరు. గదీ మన రోగం!"

నేను "హల్లెలూయ!" అని అరిచాను. వంటింట్లోంచి అత్తమ్మ పరుగున వచ్చింది: "ఏమైందే, పామొచ్చిందా?"

పాము కాదు, వెలుగు వచ్చింది! ఆ వాకిట్లోనే అంతా తేలిపోయింది. ఒకటే పేరు, ఒకటే నంబరు, ఒకటే నీలం రంగు, ఒకటే మాట: పిలిస్తే నీడొస్తది. బోర్డు మీదా ట్రాలీ మీదా పెళ్లి కుర్చీల మీదా అదే నీలం. నేను ప్రతి షామియానాకూ నీలం అంచు కుట్టాను, దూరాన రోడ్డు మీది నుంచి చూసినా అది మామ పందిరేనని తెలిసేలా. తర్వాత మామ ఒక్కొక్క కుర్చీ మనిషి దగ్గరికీ పోయాడు. వంటమాస్టరు గడుసువాడు. "చెప్తె నాకేమొస్తదే?" అన్నాడు. "నీ పప్పుచారు సంగతి నేను చెప్త, నా నీడ సంగతి నువ్వు చెప్పు. తిన్నోడు కూసోవాలె, కూసున్నోడు తినాలె, గంతే గద!" అన్నాడు మామ.

ఇక చూడండి! పత్రికల కొట్టులో మా కార్డు, మా దుకాణంలో వంటమాస్టరు కార్డు. జనం రాకముందే పందిరి ఫోటో తీసి ఫోటోలాయన ఇంటివాళ్లకు పంపేవాడు. వాళ్లు స్టేటస్ పెట్టుకునేవారు. అది చూసి అడిగినవాళ్లకు మరదలు ఫోనులో జవాబు చెప్పేది. ఎవరైనా చిట్యాలలో టెంటు కావాలని ఫోనులో వెతికితే ఆ ఫోటోలే, ఆ నంబరే కనపడేట్టు చేసింది. పని అయిపోయిన మర్నాడు తానే ఫోన్ చేసేది: "కుర్చీలు సరిపోయినయా పెద్దమ్మా? అవ్వకు ఎండ తగల్లేదు గద?" ఒక ముసలమ్మ బదులుగా దీవెనలు పంపింది, వాయిస్ మెసేజ్‌లో. ఆమెను అడిగి దాన్ని పది మందికి వినిపించాం. నేను కుర్చీలోంచి ఎగిరి గంతేశాను. సాక్ష్యం! సువార్త పాకింది దేనితో? గ్రంథంలో, బావి దగ్గర కుండ వదిలేసి ఊళ్లోకి ఉరికిన ఒక్క ఆడమనిషి మాటతో కాదా? ఆమె చేతిలో పాంప్లెట్ ఉన్నదా?

పెళ్లయిన ఇంటికి ఏడాదికి తొట్టెల వేడుక. మరదలు గుర్తుంచుకుని పలకరించేది. ఇనుము కొనేవాడు మళ్లీ వస్తే మామ అతనికి చాయ్ పోయించి, వాళ్ల ఇంట్లో లగ్గమెప్పుడో కనుక్కుని పంపించాడు.

ఒక్క దగ్గర మాత్రం గొడవ పడ్డాం. మరదలు తెల్ల కుర్చీల మీదా పేరు వేయిద్దామన్నది. "నాయినా, పెండ్లికన్న సావుకే ఎక్కువమంది వస్తరు. పిలవకున్నా వస్తరు. గక్కడ మన పేరు లేకుంటే వల తెగినట్టే గద?"

నేను ఆమె పక్షమే నిలబడ్డాను. దీపం వెలిగించి ఎవరూ బుట్ట కింద పెట్టరని వాక్యం తీశాను.

 మామ నా వైపు తిరిగాడు. "కోడలా, పోయిన ఆదివారం మైకుల ఏమన్నవ్? కుడిచెయ్యి ఇచ్చేది ఎడమచేతికి తెల్వొద్దన్నవా లేదా? ఆ మైకు నాదే. నేనిన్న." నేను గ్రంథం మూశాను. అప్పుడు కూతురితో అన్నాడు: "బిడ్డా, సావింటికి వచ్చినోడు కూసోంగనే ముంగట కుర్చీ ఈపు కనవడ్తది. ఆడ మన పేరు సదవొద్దు. పోయినోళ్లను తల్సుకోవాలె. గా జాగా ఆళ్లది. నేను కిరాయికి తీసుకోను."

చావింటికి తెల్ల కుర్చీలు దింపించి, ఒక కుండ నీళ్లు పెట్టించి వచ్చేసేవాడు. కార్డు ఇచ్చేవాడు కాదు, మర్నాడు ఫోనూ ఉండేది కాదు. మరదలు కొన్నాళ్లు మూతి ముడుచుకుంది.

తర్వాత ఒక రోజు మగ్గం నేసే ఇంటామె దుకాణానికి వచ్చింది. ఏడాది కింద ఆమె మొగుడు పోతే మామే పందిరి వేశాడు. ఇప్పుడు బిడ్డ లగ్గం. ఫంక్షన్ హాలువాళ్లు తక్కువకే ఇస్తామన్నారట. "హాలు వద్దన్న" అంది ఆమె. "ఆ పొద్దు నేను తలెత్తినప్పుడల్ల తెల్ల కుర్చీలు, వాటి మీద మా ఆయన కోసం వచ్చినోళ్లు. ఇంకేం కనవడలే. ఎవలయని అడిగితే, పేరు లేనియన్నీ గాయనయే అన్నరు. బిడ్డ లగ్గానికి పేరున్నయి ఎయ్యి అన్నా, పెద్ద అచ్చరాలయి!"

మరదలు లోపలికి పోయి కళ్లు తుడుచుకుని వచ్చి ఆర్డరు రాసుకుంది. తెల్ల కుర్చీల మాట మళ్లీ ఎత్తలేదు. మా వలలో అన్నిటికన్నా గట్టి ముడి ఏదో ఆ రోజు నాకు తెలిసింది. వేసిన మామకు మాత్రం అది ముడి అన్న ఆలోచనే లేదు.

ఇప్పుడు ఆ పొద్దుటికి రండి. మామ వాకిట్లో పడుకోబెట్టి ఉన్నాడు. జనం వస్తున్నారు. నేను మిషను దగ్గర తెల్లగుడ్డ చింపుతున్నాను, నీలం అక్షరాల మీద కట్టడానికి. గుడ్డ అయిపోయింది. పేర్లు ఇంకా మిగిలే ఉన్నాయి. జనం నిలబడే ఉన్నారు, ముసలివాళ్లు కూడా. ప్రార్థించాను. గట్టిగానే ప్రార్థించాను, మెల్లగా చెప్పమనే మనిషి లేడు కదా.

మొదట మగ్గం ఇంటామె వచ్చింది, చంకలో తెల్ల పంచెల తాను పెట్టుకుని. "చింపు" అంది. తాను నేసిన బట్టను తానే పళ్లతో కొరికి చీలిక అందించింది. అంతలో రోడ్డు మీద ట్రాలీ ఆగింది. పై వీధి టెంట్ హౌస్‌ది, ఏళ్లుగా మామతో పోటీ పడ్డవాళ్లది. నిండా కుర్చీలు, వీపున ఎర్ర అక్షరాలు. డ్రైవరు దిగి మిషను దగ్గరికి వచ్చాడు. "అక్కా, గుడ్డలున్నయా? పేర్లు కట్టినంకనే దింపుమన్నడు మా సేటు. గాయన ఇంట్ల మా పేరు కనవడితే మా సేటు ఊళ్లె తిరుగుతడా?" దాని వెనక పచ్చ అక్షరాల బండి. దాని వెనక ఫంక్షన్ హాలువాళ్ల బండి కూడా. ఎవరు పిలిచారో ఈనాటికీ తెలియదు. అందరం కలిసి కట్టాం. ఎర్రా పచ్చా నీలం అన్నీ తెల్లగుడ్డ కింద దాక్కున్నాయి. పోటీదార్లంతా నీలం అంచు పందిరి కింద పక్కపక్కన కూర్చున్నారు. ఒక్క పేరూ లేదు. అందరి చూపూ మామ మీదనే.

మామా, నీ మాట దక్కింది! వాకిట్లో ఏడ్చినదానికన్నా ఎక్కువ ఉప్పొంగిపోయాను, ఎందుకు దాచుకోను?

తర్వాత కొన్నాళ్లకు ఒక లగ్గంలో ఆశీర్వాద ప్రార్థన చెయ్యమని నన్ను పిలిచారు. ఎర్ర అక్షరాలవాళ్ల పందిరి. బ్యాండు మోగుతోంది. కుర్చీల వరుసలో ఒకదాని వీపుకు నేను చింపిన తెల్ల పేలిక అలాగే ఉంది, విప్పడం మరిచిపోయారు. చావింటి గుడ్డ పెళ్లిలో ఎందుకని గబగబా పోయి ముడి మీద చెయ్యి వేశాను. ఆ కుర్చీలో వెనక్కి వాలి, పెళ్లికూతురి నాయనమ్మ కాబోలు, కళ్లు మూసుకుని తమలపాకు నములుతోంది. పందిరి నీడ ఆమెను కప్పి సరిగ్గా కాళ్ల దాకా వచ్చి ఆగింది.

కళ్లు తెరవకుండానే అంది: "ఉండనియ్యి బిడ్డా. ఈపుకు మెత్తగున్నది."